చేద పూర్తయిందన్న పుస్తకం

అచ్చు గది,
అంధుల ముద్రణాలయం.

మౌనస్వామి బావమరిదికి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. అందులో "క్షేమం. పని ఉంది." అని రెండే మాటలున్నాయి. వెనక ఇంకేమైనా రాశావేమోనని మీ అక్క తిరగేసి కూడా చూసింది. గోదాములో బస్తాల లెక్కలు రాసీ రాసీ మాటల్ని కూడా బస్తాల్లా ఒక్కొక్కటీ దించుతున్నావు.

సరే, పని మీద రాస్తున్నాను. పుస్తకాలు దించుకోవడానికి నువ్వు చేసిచ్చిన ప్రోగ్రాం, ఆ చేద, లేకపోతే ఈపాటికి మేం చేతులెత్తేసేవాళ్ళం. ఇది మెరమెచ్చు మాట కాదు. కేంద్ర గ్రంథాలయం నుంచి పాఠ్యపుస్తకాలు మా కంప్యూటర్‌లోకి దిగాలి, వాటిని బ్రెయిలీ చుక్కలుగా మార్చి నేను అచ్చు వేయాలి, బడిలో పిల్లలు వేళ్ళతో చదువుకోవాలి. మా ఇంటర్నెట్ లైను సంగతి నీకు తెలిసిందే. గాలి వీస్తే తెగుతుంది, వీయకపోతే విసుగుపుట్టి తెగుతుంది. నల్ల తెర మీద ఒక్క వరుస కొట్టి వదిలేస్తే, తెగినప్పుడల్లా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే తోడుకొచ్చేది నీ చేద ఒక్కటే.

అయినా చాలడం లేదు. ఈ ఏడు సిలబస్ మారింది. పుస్తకాలన్నీ కొత్తవి. బొమ్మల్ని కూడా మాటల్లో వర్ణించడంతో ఒక్కోటీ కొండంత ఉంది. సాయంత్రం ఆరింటికల్లా లైను కట్టేస్తారు. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. గ్రంథాలయంలో ఒకాయన ఫోనులో, "మా సర్వర్ అడిగితే కుదించి పంపుతుందండీ, మీ ప్రోగ్రామే అడగడం లేదు," అన్నాడు. దానికి సిగ్గయితే నువ్వు అడిగించు.

మా దగ్గర ప్రూఫులు దిద్దే పెద్దాయన ఉన్నాడు. చూపు లేదు. వేళ్ళతో చదువుతాడు కనక వేళ్ళాయన అంటాం, ఆయన ఎదుటే. ఆయన ముద్ర పడనిదే పుస్తకం గడప దాటదు. నిన్న నీ గురించి అడిగాడు.

"ఆ చేద చేసినవాడు ఏం చదివాడయ్యా?"

"ఎక్కడా చదవలేదండీ. అన్నీ ఇంట్లోనే చదువుకున్నాడు."

"అయితే పనికొస్తాడు," అన్నాడు.

ఆయన నోట మంచిమాట రావడమంటే కొయ్యగుర్రం సకిలించినట్టు. జాగ్రత్త చేసుకో. మెయిల్ పంపకు, ఉన్న లైను పుస్తకాలకే చాలదు. ఎప్పటిలాగే మెమరీ కార్డులో వేసి ఉత్తరానికి అంటించి పంపు.

మీ బావ


గోదాము,
మేడ మీది గది.

బావా,

నమస్కారం. చేశాను. కార్డు ఈ కాగితం వెనక అంటించాను.

సంగతి ఇది. పుస్తకంలో ఒకే మాట వందలసార్లు వస్తుంది. ప్రతిసారీ పూర్తిగా పంపకుండా, "ముందు వచ్చిందే, మళ్ళీ" అని ఒక చిన్న గుర్తు పంపితే చాలు. చీరను విప్పి పంపే బదులు మడతపెట్టి పంపినట్టు. ఇకమీదట చేద వెళ్ళగానే "మడతపెట్టి ఇవ్వండి" అని అడుగుతుంది. వస్తున్నది వస్తున్నట్టే విప్పి నీ దగ్గర మామూలు పుస్తకంగా పెడుతుంది. నువ్వు కొత్తగా చేయాల్సింది ఏమీ లేదు. పాత వరుసే కొట్టు.

ఇక్కడ నాలుగు పుస్తకాలు దించి చూశాను. సరిగ్గా వచ్చాయి. మూడో వంతు సేపట్లో.

లైను తెగితే అందుకునే పని పాతదే. అది బాగా నడుస్తోంది కనక దాన్ని నేను ముట్టుకోలేదు.

అక్కకు నమస్కారాలు. వేళ్ళాయన గారికి కూడా.

మీ
బావమరిది


అచ్చు గది.

బావమరిదీ,

నీ నోట్లో పంచదార పోయాలి. సైన్సు పుస్తకం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి దిగింది. లెక్కలు, భూగోళం కూడా అంతే. మా మేనేజరమ్మ అచ్చు గదికి వచ్చి తెర ముందు నిలబడి చూసి, "ఇదేనా ఆ చేద?" అంది. నేను బుర్ర ఊపాను, నేనే చేసినట్టు. వచ్చే నెల నన్ను ఈ గదికి ఇన్‌చార్జిని చేస్తారట. మీ అక్క అప్పుడే నా చొక్కాలకు ఇస్త్రీ మొదలుపెట్టింది. దీనికంతటికీ నువ్వే కారణం, నీకు చెడ్డపేరు రాకుండా చూసుకుంటాను.

చరిత్ర పుస్తకం దిగిన రోజున లైను మళ్ళీ తెగింది. అయినా తిరిగి రాగానే, మరుక్షణం అందుకుని "పూర్తయింది" అని చూపించింది. అంత వేగం నేనెప్పుడూ చూడలేదు. అచ్చు వేసి, కుట్టి, బడికి పంపేశాం కూడా.

దాని దగ్గర వేళ్ళాయనతో చిన్న తకరారు. "చరిత్ర ఇంత సన్నగా ఉందేమిటయ్యా?" అన్నాడు. చరిత్ర ఎంత తగ్గితే పిల్లలకు అంత మంచిదన్నాను. ఆయన నవ్వలేదు. చివరి కాగితం మీద వేలు పెట్టి, "ఈ వాక్యానికి తోక లేదు," అన్నాడు. కొత్త సిలబస్ కదా, రాసినవాళ్ళే అలా తగలేసి ఉంటారని చెప్పాను. ఇంకా వేలు తీయలేదు. అప్పుడు, "మా బావమరిదికి అబద్ధం చెప్పడం రాదండీ, వాడి చేదకీ రాదు. అది పూర్తయిందంటే పూర్తయినట్టే," అన్నాను. ఆయన వేలు తీసి ముద్ర వేశాడు.

చూశావా, నీ మాట ఇక్కడ ఎంత చెల్లుతోందో.

మీ బావ


గోదాము.

బావా,

కొత్త కార్డు పంపుతున్నాను. పాతది తీసేసి ఇది వేసుకో. చిన్న సవరణలు ఉన్నాయి.

తీరిక ఉంటే చరిత్ర పుస్తకం మరోసారి దించి, ముందుదానితో పోల్చి చూడు. చూస్తే మంచిది.

ఇన్‌చార్జి సంగతి సంతోషం.

బావమరిది


అచ్చు గది.

బావమరిదికి,

నీ కార్డు వచ్చి చాలా రోజులైంది. అది ఇంకా సొరుగులోనే ఉంది. తీరిక ఉంటే చూడమన్నావు. తీరిక లేకపోయింది.

పరీక్షలు అయిపోయాయి. మొన్న బడి నుంచి హెడ్‌మాస్టరు గారు స్వయంగా వచ్చారు, చరిత్ర పుస్తకం చంకలో పెట్టుకుని. పుస్తకంలో పద్నాలుగు పాఠాలుండాలట. మేం పంపిన దానిలో తొమ్మిదో పాఠం చివర్లో, వాక్యం మధ్యలో ఆగిపోయింది. పాఠాల పట్టిక పుస్తకంలో ఉన్నవాటిని బట్టి మా యంత్రమే కట్టుకుంటుంది కనక అందులోనూ తొమ్మిదే కనిపించాయి. బడిలో చరిత్ర చెప్పే మాస్టరు సెలవులో ఉంటే పిల్లలు సొంతంగా చదువుకున్నారు. ప్రశ్నపత్రంలో సగం చివరి పాఠాల మీదే ఉందట. ఒక పిల్ల ప్రశ్నలు తడిమి చూసి, ఇది వేరే తరగతి పత్రమేమో అని లేచి నిలబడిందట.

మేనేజరమ్మ పుస్తకం తీయించి చివరి కాగితం చూసింది. వేళ్ళాయన ముద్ర ఉంది. "ఇది చదివే ముద్ర వేశారా?" అని అడిగింది. "చదివే వేశాను," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. ఆయన తన సొరుగులో ఉన్న మఫ్లరు ఒక్కటీ తీసుకుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. రోజూ గోడ పట్టుకోడు.

నేనేం చేయగలను చెప్పు.

బావ


గోదాము,
మేడ మీది గది.

బావా,

ఇది పెద్ద ఉత్తరం. ఓపిక పట్టి చదువు.

తప్పు నా చేదది. ఎలాగో చెబుతాను. గ్రంథాలయం దగ్గర పుస్తకం పది మడతలుగా ఉందనుకో. నాలుగు మడతలు వచ్చాక నీ లైను తెగింది. ఆ నాలుగూ విప్పితే నీ దగ్గర పన్నెండు గజాలు ఉన్నాయి. మళ్ళీ లైను రాగానే చేద ఏం చేయాలి? "నాలుగు వచ్చాయి, ఐదు నుంచి ఇవ్వండి" అనాలి. కానీ అందుకునే పని పాతది. దానికి మడతల సంగతి తెలియదు. నీ దగ్గర ఉన్నది కొలుచుకుని, "పన్నెండు వచ్చాయి, పదమూడు నుంచి ఇవ్వండి" అంది. వాళ్ళ దగ్గర ఉన్నవి పదే. "పదమూడోది లేదు" అన్నారు. మడతలు లేని రోజుల్లో ఆ జవాబుకు అర్థం, ఇంకేమీ మిగల్లేదని. అందుకే "పూర్తయింది" అని చూపించింది. నువ్వు చూసి సంతోషించిన వేగం అదే.

సైన్సు, లెక్కలు, భూగోళం తెగకుండా వచ్చాయి కనక బతికిపోయాయి.

నేను చేసిన పరీక్షలన్నీ ఇక్కడి మంచి లైను మీద. తెగే లైను కోసమే చేసిన చేదను ఒక్కసారి కూడా తెంచి చూడలేదు. బాగా నడుస్తున్నదాన్ని ముట్టుకోలేదని నీకు గొప్పగా రాశాను. ముట్టుకోవలసింది దాన్నే.

ఇంతవరకూ పొరపాటు. ఇక్కడి నుంచి పొరపాటు కాదు. నీ ఉత్తరంలో "వాక్యానికి తోక లేదు" అన్న మాట చదవగానే నాకు తెలిసిపోయింది. ఆ పూటే తీగ పీకి చూశాను. అలాగే ఆగింది. అప్పటికి పరీక్షలు ఇంకా నెల పైన ఉన్నాయి. పుస్తకం సగమే, బడికి చెప్పి ఆపించు అని నీకు రాసి ఉంటే ఐదు పాఠాలు అచ్చయ్యేవి, చేరేవి. అలా రాద్దామనే కూర్చున్నాను. నువ్వు ఇన్‌చార్జి కాబోతున్నావని, నా పేరు అక్కడ మోగుతోందని రాసిన వాక్యాలు మళ్ళీ చదివాను. "చిన్న సవరణలు" అని రాశాను. "తీరిక ఉంటే" అని రాశాను. రెండూ తెలిసి రాసిన మాటలే.

మేనేజరు గారికి ఇదంతా రాసి ఈ టపాలోనే పంపుతున్నాను. బడికి కూడా రాశాను. చేదను వాడేవాళ్ళు వేరే చోట్ల ఇంకొందరు ఉన్నారు, అందరికీ తెలిసేలా ప్రకటన పెట్టాను.

ఒక్క సంగతి రాయలేదు. వేళ్ళాయన గారు తోక లేదన్నారని, నువ్వు పరవాలేదన్నావని. అది నీది. నేను రాయను. కానీ అది లేకుండా నా ఉత్తరం ఆయన్ని నిలబెట్టదు బావా. ఆలోచించు.

బావమరిది


అచ్చు గది.

శ్రీయుతులు బావమరిది గారికి,

మీ ఉత్తరం అందింది. మేనేజరు గారికి రాసిందీ అందింది. నన్ను పిలిచి చదివి వినిపించారు. ఆవిడ అన్న మాట రాస్తున్నాను: "యంత్రం తప్పు చేస్తుందనే కదా మనిషిని పెట్టుకున్నాం. ఆ మనిషే చూడకపోతే ఎలా?" మీరు ఊహించినట్టే జరిగింది.

మీరు అక్కడ కూర్చుని ధర్మం రాస్తున్నారు. ఈ గదిలో ఉండేది నేను. వెనకపడ్డ ఇన్‌చార్జి కాగితం ఇప్పటికి ఆవిడ బల్ల మీదకు సంతకానికి వచ్చింది. మీ అక్క మోకాళ్ళ వైద్యం ఈ ఉద్యోగం మీద నడుస్తోంది. అది మీకు తెలుసు. మీ చేదను నమ్మడం తప్పయితే ఆ తప్పు నేర్పింది ఎవరు?

ఇకమీదట కార్డులు పంపనక్కర్లేదు. ఇక్కడ మడతలు లేకుండా పాత పద్ధతిలోనే దించుకుంటున్నాం. ఆలస్యమైనా అంతా వస్తోంది.

ఇట్లు


గోదాము.

బావా,

మొన్న ఆదివారం మీ ఊరు వచ్చాను. మీ ఇంటికి రాలేదు. అక్కకు చెప్పాలో వద్దో నీ ఇష్టం.

వేళ్ళాయన గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. మెట్ల కింద ఒక్క గది. కుక్కి మంచం, గోడ పొడుగునా పుస్తకాలు. నేనెవరో చెప్పాను. కుర్చీ మీద పుస్తకాల కట్ట తీసి నన్ను కూర్చోమన్నారు.

"అబద్ధం రానివాడివి నువ్వేనా?" అన్నారు.

"రాదనే అనుకున్నానండి."

"గొంతు బాగానే ఉందే. ఉత్తరాల్లోనే వస్తుందేమో."

ఆయనే టీ పెట్టారు. నేను లేవబోతే కూర్చోమన్నారు, నాకు ఏది ఎక్కడుందో కనపడదని. తోక లేదని అడిగిన సంగతి మేనేజరు గారికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అడిగాను. జవాబు విన్నాను. ముద్ర వేసింది నా చెయ్యే కదా."

"ఆ జవాబు ఇచ్చింది మా బావ."

"మీ బావ మీద చెప్పి ఉద్యోగం తెచ్చుకుంటే, రోజూ వెళ్ళి కూర్చోవాల్సింది మీ బావ పక్కనే కదయ్యా. మధ్యాహ్నం డబ్బాలో కూర కూడా ఆయనే వడ్డిస్తాడు నాకు. ఎలా తినమంటావు?"

తర్వాత చాలాసేపు పని గురించే మాట్లాడారు. మడతలు ఎలా పెడతారో వివరంగా అడిగారు. బ్రెయిలీలో కూడా పెద్ద మాటలకు కుదింపులు ఉన్నాయట, వాటిలోనే పిల్లలు ఎక్కువ తప్పులు చదువుతారట. వస్తుంటే గడప దాకా వచ్చి, ఆ పిల్లల ఫలితాలు తెలిశాయా అని అడిగారు. నాకు తెలియదన్నాను.

నిన్ను ఏమీ అడగడానికి ఇది రాయలేదు. వెళ్ళానని నీకు తెలియాలి కనక రాశాను.

బావమరిది


కుట్టు బల్ల,
అంధుల ముద్రణాలయం.

బావమరిదీ,

పైన చిరునామా చూశావు కదా. ఇప్పుడు నా చోటు ఇది. కాగితాలు దొంతర పెట్టి దారంతో కుట్టడం. వేళ్ళకు తొడుగులిచ్చారు, అయినా సూది ఎక్కడో ఒకచోట దారి చూసుకుంటోంది.

నీ ఉత్తరం మీ అక్క ముందు చదివింది. కవరు చింపే అలవాటు ఆవిడదే కదా. చదివి నా ముందు పెట్టి, అన్నం వడ్డించింది. కూర వేయలేదు. "ఏమే?" అన్నాను. "ఎలా తింటారో చూద్దామని," అంది. మీ ఇంట్లో అందరూ ఇంతేనా, ఒక్క మాటతో ప్రాణం తీస్తారు.

మర్నాడు మేనేజరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆయన అడిగాడు, నేనే నోరు మూయించాను అని చెప్పాను. ఆవిడ ఇన్‌చార్జి కాగితం తీసి నా కళ్ళ ముందే మధ్యకు మడిచి సొరుగులో పెట్టింది. "ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?" అంటే, భయమన్నాను. వారానికి వేళ్ళాయనను పిలిచారు. వచ్చి తన కుర్చీలో కూర్చుని, బల్ల తడిమి, "దుమ్ము తుడవలేదేం?" అన్నాడు. నాతో అన్న మొదటి మాట అదే. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే తన గిన్నె ముందుకు జరిపాడు. వడ్డిస్తుంటే కూర కాస్త బల్ల మీద పడింది. కనపడదు కదా అనుకున్నాను. "బల్లకు కూడా పెట్టావా?" అన్నాడు.

ఇక అసలు సంగతి. ఫలితాలు వచ్చాయి. మిగతావాళ్ళు ఎలాగో గట్టెక్కారు. ఇద్దరు ఆడపిల్లలు చరిత్రలో తప్పారు. మళ్ళీ రాసుకోవచ్చన్నారు. ఆ ఐదు పాఠాలు అచ్చు వేద్దామంటే యంత్రం వచ్చే ఏటి పుస్తకాలతో కిటకిటలాడుతోంది. అందుకని సెలవు రోజుల్లో వేళ్ళాయన గదికి వెళ్తున్నాను. నేను చదువుతాను, ఆయన పలక మీద మందం కాగితం బిగించి సూదితో ఒక్కో చుక్కా పొడుస్తాడు. పన్నెండో పాఠంలో ఉన్నాం. నేను తొందరపడితే పలక మీద సూదితో కొడతాడు, బళ్ళో పిల్లాడిని కొట్టినట్టు.

రెండు ప్రతులు చేస్తున్నాం. మొన్న హెడ్‌మాస్టరు గారు కనపడి చెప్పారు, ఇద్దరిలో ఒకమ్మాయి బడికి రావడం మానేసిందట. పరీక్షలో లేచి నిలబడిన పిల్లే. వాళ్ళవాళ్ళు, ఈ చదువు నీకెందుకన్నారట. ఆ సంగతి వేళ్ళాయనకు చెప్పి, ఒక్క ప్రతి చాలేమో అన్నాను. ఆయన రెండో కాగితం బిగించి, "చదువు," అన్నాడు.

మీ అక్క నీ మీద కోపంగా ఉంది, ఊరొచ్చి ఇంటికి రానందుకు. నా మీద కోపం వేరే లెక్క.

మీ బావ


గోదాము,
మేడ మీది గది.

బావా,

ఉత్తరం అందింది. అక్కకు నేను వేరే రాస్తాను. అది నేను ఎదుట నిలబడి పడాల్సిన తిట్లే, ఉత్తరంలో తప్పించుకోను.

చేదలో అందుకునే పనంతా తీసి మళ్ళీ రాశాను. నీకు పంపడం లేదు. నువ్వు అడిగిన రోజున పంపుతాను, అదీ నీ లైను మీద నీ ఎదుట తెంచి చూశాకే.

ఆ అమ్మాయిది ఏ ఊరో బడిలో కనుక్కుని రాయి. వెళ్ళడానికి దారి కూడా. రెండో ప్రతి టపాలో వేయొద్దు. నేను వచ్చి తీసుకుని వాళ్ళింటికి వెళ్తాను. పుస్తకం సగంలో ఎందుకు ఆగిందో ఆ పిల్లకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. తనకే చదువు రాలేదనుకుంటూ ఉంటుంది.

వాళ్ళవాళ్ళు గడపలోనే తిప్పి పంపవచ్చు. అయినా వెళ్తాను. పదమూడు, పద్నాలుగు పాఠాలు అయ్యాక ఒక్క మాట రాయి.

బావమరిది